పాఠం, ఆట రెండూ మీవే

ఈరోజు బీఎడ్ పట్టా అందుకుని రేపు నంద్యాల, ఆళ్లగడ్డ బడుల్లో పాఠం మొదలుపెట్టబోయే కొత్త టీచర్లకు అభినందనలు.

మీ వృత్తిలోనే ఉంటూ క్రికెట్ ఆడినవారిలో అందరికన్నా ముందు చెప్పుకోవలసిన పేరు దినకర్ బల్వంత్ దేవధర్. 1892లో పుణెలో పుట్టారు. అక్కడి సర్ పరశురాంభావు కళాశాలలో సంస్కృతం బోధించారు.

1926 డిసెంబరులో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఎంసీసీ జట్టు బొంబాయిలో ఆడింది. మన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె. నాయుడు 11 సిక్సర్లతో 153 కొట్టారు. అదే నెలలో, అదే జట్టు మీద దేవధర్ 148 చేశారు. 1932లో లార్డ్స్‌లో భారత్ తొలి టెస్టు ఆడినప్పుడు నాయుడు కెప్టెన్. అప్పటికి దేవధర్‌కు నలభై ఏళ్లు. చోటు దక్కలేదు. ఆ తర్వాత కూడా ఒక్క అధికారిక టెస్టు ఆడలేదు.

అయినా బ్యాటు పక్కన పెట్టలేదు. మహారాష్ట్ర కెప్టెన్‌గా 1939-40, 1940-41లలో వరుసగా రంజీ ట్రోఫీ గెలిపించారు. 48 ఏళ్ల వయసులో బొంబాయి మీద 246 పరుగులు చేశారు. 52 ఏళ్లప్పుడు ఒకే మ్యాచ్‌లో రెండు సెంచరీలు! దేశవాళీ వన్డే టోర్నీకి ఆయన పేరే పెట్టారు. నూటొక్క ఏళ్లు బతికారు.

మన ప్రాంతానికీ ఈ చరిత్రలో వాటా ఉంది. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. ఆ సీజన్‌లో నాయుడు ఆంధ్రకు ఆడారు. ఇటీవల ఆదోని నుంచి వచ్చిన ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణి 2022 డిసెంబరులో ఆస్ట్రేలియా మీద భారత జట్టులోకి వచ్చింది. ఆమె తండ్రి బడిపంతులే.

రేపు మీరు చేరే బడి మైదానం చూడండి. వేసవికి నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. వికెట్లకు బదులు మూడు కర్రలు, ఎలక్ట్రికల్ టేపు చుట్టిన టెన్నిస్ బంతి. ఆడపిల్లలు గట్టు మీద కూర్చుని చూస్తుంటారు. పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్ లెక్కలకో, సైన్సుకో పోతుంది. పిల్లలు నోరెత్తరు.

దయచేసి ఆ పీరియడ్ తీసుకోకండి. సిలబస్ వెనకబడితే సాయంత్రం ఒక గంట ఎక్కువ చెప్పండి. గట్టు మీది ఆడపిల్లల చేతికి బంతి ఇవ్వండి. వీలైతే మీరూ బ్యాటు పట్టండి. టీచరుకు ఆట ఎందుకని ఎవరైనా అడిగితే దేవధర్ గురించి చెప్పండి.