పిల్లల కిడ్నీ ఎప్పుడు తీసేయాలి?

పాపకు ఒక కిడ్నీ పనిచేయడం లేదని స్కానింగులో తేలింది. వెంటనే తీసేయాలా? చాలాసార్లు అక్కర్లేదు. పుట్టుకతోనే నీటిబుడగలతో నిండిన కిడ్నీ చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది. అప్పుడప్పుడు స్కానింగు, బీపీ చూపించుకుంటే చాలు.

మరి ఆపరేషన్ ఎప్పుడు? ఆ పాడైన కిడ్నీ వల్లే మాటిమాటికీ జ్వరంతో మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంటే. లేదా బీపీ మందులకు లొంగకపోతే. అదీ, ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే డీఎంఎస్ఏ స్కాన్ చేశాక. రెండో కిడ్నీ బాగుందని తేలాకే సుమా!

విల్మ్స్ ట్యూమర్ అనే కిడ్నీ క్యాన్సర్ సంగతి వేరు. అక్కడ ఆలస్యం కూడదు. కొందరికి ముందు కీమోథెరపీ ఇచ్చి, ఆపైన కిడ్నీ తీస్తారు. బిడ్డ కడుపులో గడ్డ చేతికి తగిలితే నొక్కి నొక్కి చూడకండి. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి.