టెస్ట్ పాస్ అయింది సరే, ఏ ఫైల్ మీద?

2023లో మన మహబూబ్‌నగర్‌లో, నల్గొండలో ఐటీ టవర్లు తెరిచిన్రు. అప్పటి నుంచి "అన్నా, ఆటోమేషన్ టెస్టింగ్ నేర్చుకోవచ్చా" అని అడిగేటోళ్లు పెరిగిన్రు. తప్పకుండా నేర్చుకోండి. కానీ సెలీనియం కన్నా ముందు ఒక సంగతి తెలవాలె. మీ టెస్ట్ నడిపే ప్రోగ్రామ్ ఫైల్ కంప్యూటర్‌లో ఎక్కడుంది?

నల్గొండ దిక్కు ఊర్లో నిలబడి "యాదగిరీ" అని పిలిస్తే నలుగురు తిరిగి చూస్తరు. పాలమూరు దిక్కు కుర్మయ్య అన్నా అంతే. కంప్యూటర్‌లో కూడా ఒకే పేరుతో రెండు మూడు ప్రోగ్రామ్‌లు ఉండొచ్చు. పేరు ఒక్కటే ఇస్తే, సిస్టమ్ పాత్ అనే లిస్టులో ఉన్న ఫోల్డర్లను వరుసగా చూసి, మొదట దొరికినదాన్నే నడుపుతది. మిగతావాటి జోలికే పోదు.

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ముందున్న ఫోల్డర్‌లో పాత వెర్షన్, వెనక ఫోల్డర్‌లో కొత్త వెర్షన్ ఉన్నయనుకోండి. బగ్ కొత్తదాంట్ల ఉంది. టెస్ట్ మాత్రం పాతదాని మీద నడిచి, పచ్చగా పాస్ అని చూపిస్తది. ఎర్రర్ వస్తే నయం, కూర్చొని వెతుకుతం. పాస్ అయితే ఎవరూ వెతకరు. బగ్ నేరుగా జనం ఫోన్లలోకి పోతది, రిపోర్టు మీద మీ పేరుంటది.

మరి ఎట్ల కనుక్కోవాలె? లైనక్స్‌లో "టైప్ డ్యాష్ ఏ" అని, పక్కన ప్రోగ్రామ్ పేరు కొట్టండి. ఆ పేరుతో ఉన్నవన్నీ వరుసగా చూపిస్తది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో అయితే "వేర్". పవర్‌షెల్‌లో మాత్రం వేర్ అంటే వేరే పని, అక్కడ "వేర్ డాట్ ఈఎక్స్ఈ" అని పూర్తిగా రాయాలె.

ఇంకో చిక్కు, ప్యాకేజీ పేరు, ఫైల్ పేరు ఒకటే ఉండాలని లేదు. రిప్‌గ్రెప్ ఇన్‌స్టాల్ చేస్తే నడిపే ఫైల్ పేరు "ఆర్‌జీ". ఉబుంటులో "డీపీకేజీ డ్యాష్ పెద్ద ఎల్" అని ప్యాకేజీ పేరు ఇస్తే, అది పెట్టిన ఫైళ్లన్నీ కనిపిస్తయి.

దొరికిన ఫైల్ కూడా అసలుది కాకపోవచ్చు. 2022లో వచ్చిన ఉబుంటు 22.04లో ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీగా మారింది. యూఎస్ఆర్ బిన్‌లో ఫైర్‌ఫాక్స్ పేరుతో ఉన్నది ఒక చిన్న స్క్రిప్టే, అది అసలు బ్రౌజర్‌ను పిలుస్తది. దాన్నే సెలీనియంకు ఇచ్చినోళ్లలో చాలామందికి "ఇది ఫైర్‌ఫాక్స్ ఫైల్ కాదు" అని ఎర్రర్ వచ్చింది. అసలుది స్నాప్ ఫోల్డర్ లోపల ఉంటది, ఆ దారే ఇవ్వాలె.

అదే 2022 నవంబర్‌లో సెలీనియం 4.6తో సెలీనియం మేనేజర్ వచ్చింది. డ్రైవర్‌ను అదే వెతికి పెడుతది. మంచిదే, కానీ ఏది ఎంచుకుందో చూసే బాధ్యత మనదే. మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న పాత్ లిస్టు, రాత్రి క్రాన్‌లో నడిచే టెస్ట్‌కు ఉండకపోవచ్చు. అందుకే ఒక అలవాటు చేసుకోండి. టెస్ట్ మొదలయ్యే ముందే ఫైల్ పూర్తి దారి, వెర్షన్ రెండూ లాగ్‌లో ప్రింట్ చేయండి. పైథాన్‌లో అయితే దారి కోసం "షుటిల్ డాట్ విచ్" చాలు. అనుకున్న వెర్షన్ కాకుంటే టెస్ట్‌ను అక్కడే ఆపేయండి.

ల్యాప్‌టాప్ లేదా? ఫోన్‌లో టెర్మక్స్ వేసుకొని, "టైప్ డ్యాష్ ఏ ఎల్ఎస్" కొట్టి చూడండి. ఏం దారి చూపించిందో రాసి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.