పాత బజారులో మళ్లీ కాపురాలు
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



నగరాభివృద్ధి గురించి మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. ముప్పై ఏళ్లకు పైగా సివిల్ ఇంజనీరుగా పనిచేశాను కాబట్టి నాకేదో తెలుసని వాళ్ల నమ్మకం. నేను మాత్రం మన బడి పక్కనున్న బజారు గురించి, అందులో మా ఇంటి గురించి చెప్తాను. అందులో నా తప్పు కూడా ఒకటుంది.

మన రోజుల్లో మండిబజార్, పాత బీట్ బజార్, పిన్నవారి వీధి పిల్లలే క్లాసులో ఎక్కువ. కింద మల్గీ, పైన కాపురం. మొదటి గంట వినబడ్డాక ఇంట్లోంచి పరుగెత్తినా ప్రార్థనకు అందేవాళ్లం. రాత్రి దుకాణాలు కట్టేశాక కూడా మేడల మీద దీపాలుండేవి. ఆ వెలుగు గల్లీలో పడేది. ఆడపిల్లలు ట్యూషన్ నుంచి ఒంటరిగా నడిచి వచ్చేవాళ్లు.

1880లలో రైలు వచ్చాక స్టేషనుకు, మండీలకు మధ్య ఈ బజారు పెరిగింది. 1934లో ఆజంజాహి మిల్లు వచ్చింది. మిల్లు జీతాలు పడిన రోజు బజారు ఎట్లుండేదో మా నాన్న కథలుగా చెప్పేవాడు. తర్వాత ధాన్యం, మిర్చి వ్యాపారం ఎనుమాముల మార్కెట్‌కు పోయింది. మిల్లు మూతపడింది, ఆ భూమిలో ఓ సిటీ కాలనీ లేచింది. మన తరం వాళ్లం హన్మకొండకో, హైదరాబాదుకో, అమెరికాకో వెళ్లిపోయాం. దుకాణాలు మిగిలాయి, కాపురాలు పోయాయి. ఇప్పుడు రాత్రి షట్టర్లు దించితే గల్లీ చీకటి. మన బడిలో పిల్లలు తగ్గారని ఉపాధ్యాయులు బాధపడుతుంటారు. దానికి కారణాలు చాలా ఉన్నాయి. నడిచి వచ్చేంత దూరంలో ఇళ్లు లేకపోవడం అందులో ఒకటి.

ఇటు మేడలకు తాళాలు పడుతుంటే అటు ఊరు పొలాల మీదికి పోతోంది. 42 గ్రామాలు కలిశాక మన కార్పొరేషన్ విస్తీర్ణం సుమారు 407 చదరపు కిలోమీటర్లు అయింది. అంత దూరం రోడ్డు, మోరీ, నల్లా నీళ్లు ఇవ్వడం ఎంత కష్టమో నాకు తెలుసు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హంటర్ రోడ్డు వైపు కాలనీల్లోకి నీళ్లెట్లా వచ్చాయో మీకందరికీ గుర్తే. చెరువు దిగువన, నాలా పక్కన ఇళ్లు కట్టుకుంటూ, ఎత్తు మీదున్న పాత మేడలను గబ్బిలాలకు వదిలేశాం.

ఇక మా ఇంటి సంగతి. కింద రెండు మల్గీలు, పైన నాలుగు అర్రలు. నాన్న పోయాక మేడకు తాళం పడింది. ముగ్గురు అన్నదమ్ములం, ఒక అక్క. కింద ఒక మల్గీలో ఇత్తడి సామాన్ల ఆయన నాన్న కాలం నుంచి పాత కిరాయికే ఉన్నాడు. కొన్నాళ్లకు ఒక బిల్డరు వచ్చాడు. మొత్తం పడగొట్టి నాలుగంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు కడతానన్నాడు. పెద్దన్న సరేనన్నాడు, నేనూ సరేనన్నాను. అక్క ఒక్కటే మాట అడిగింది: "కింద దుకాణాలే, పైన దుకాణాలేనా? మరి పొద్దుమీకి దీపం ఎవరు పెడ్తరు తమ్మీ?"

నా దగ్గర జవాబు లేదు. "గోడలు పాడైనయి అక్కా, నిలబడవు" అని ఇంజనీరు మాట చెప్పి తప్పించుకోబోయాను. తర్వాత వెళ్లి గోడలు గోకి చూస్తే తెలిసింది. వాటిని పాడుచేసింది కాలం కాదు, నేనే. ఇరవై ఏళ్ల క్రితం డంగు సున్నం గోడలకు సిమెంటు పూత వేయించింది నేనే. సున్నం గోడ తడి పీల్చినా గాలికి మళ్లీ వదిలేస్తుంది. పైన సిమెంటు వేస్తే ఆ తడి లోపలే చిక్కుకుని ఇటుకను తింటుంది. సిమెంటు రాల్పించి, ఒక ఎండాకాలం ఆరబెట్టి, మళ్లీ సున్నమే పూయించాం. పుచ్చిన దూలాలు నాలుగు మార్చాం. పక్క సందులోంచి వేరే మెట్లు పెట్టి, కొత్త వైరింగు వేసి, పైన రెండు పోర్షన్లు, ఒక్కోదానికి స్నానాలగది, మరుగుదొడ్డి కట్టించాం. కొత్తగా కట్టే ఖర్చులో సగం కూడా కాలేదు. ఇప్పుడు ఒకదాంట్లో ఎంజీఎం ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ, ఇంకోదాంట్లో కొత్తగా పెళ్లయిన జంట ఉంటున్నారు.

అన్ని ఇళ్లూ ఇట్లా నిలబడవు. నిజంగా శిథిలమైనవి దించాల్సిందే, వానాకాలంలో ప్రాణాలతో ఆటలొద్దు. కానీ దించిన చోట ఏం కడుతున్నామన్నది చూడాలి. బజారులో ఇల్లు కూలి, చెత్త నిండిన ఖాళీ జాగాలు చాలానే ఉన్నాయి. చిన్న జాగాకు అనుమతులు రావని చాలామంది భయం. 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో గ్రౌండ్ ప్లస్ వన్ వరకు ఇల్లు కట్టుకోవడానికి అనుమతి తీసుకునే పని లేదు. ఒక్క రూపాయి కట్టి ఆన్‌లైన్‌లో నమోదు చేసుకుంటే చాలు. ఈ సంగతి బజారులో ఎంతమందికి తెలుసు?

ఒక్క హెచ్చరిక. పక్కింటి పాత గోడ పునాది ఎంత లోతుందో చూడకుండా సెల్లారు కోసం గుంత తవ్వకండి. మీ పార్కింగు కోసం వాళ్ల ఇల్లు కూలుతుంది.

బయటి అనుభవాలు కూడా ఉన్నాయి. సింగపూరు 1989 నుంచి కింద దుకాణం, పైన ఇల్లు ఉండే పాత వీధులను వీధులకు వీధులే కాపాడుకుంటోంది. అమెరికాలో మాల్స్ దెబ్బకు పాడుబడ్డ చిన్న ఊళ్ల బజార్ల కోసం 1980లో మెయిన్ స్ట్రీట్ కార్యక్రమం మొదలైంది. హైదరాబాదులో 1935 నాటి మొజంజాహి మార్కెట్ 2020లో బాగై మళ్లీ తెరుచుకుంది. మన ఊరికీ 2015లో హృదయ్ పథకం వచ్చింది, 2016లో స్మార్ట్ సిటీ వచ్చింది. కోటను, గుడిని, చెరువు కట్టను ప్రభుత్వం చూసుకుంటుంది. మన మేడ తాళం మాత్రం మన జేబులోనే ఉంది.

అసలు చిక్కు డబ్బు కాదు, వాటాలు. ఒక అన్న డల్లాస్‌లో, ఒక తమ్ముడు కరీంనగర్‌లో, కాగితం తాత పేరు మీద. మా ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవడానికే రెండేళ్లు పట్టింది. కిరాయిదారు సంగతీ అంతే. ఇత్తడి సామాన్ల ఆయనను వెళ్లగొడితే ఎక్కువ కిరాయి వచ్చేది. కానీ ఆయన వల్లే జనం ఆ గల్లీలోకి వస్తారు. కూర్చుని మాట్లాడి కిరాయి మెల్లమెల్లగా పెంచుకునేట్టు రాసుకున్నాం. ఆయన ఉన్నాడు, ఆయన కొడుకూ ఉన్నాడు.

అందుకే మన సంఘానికి ఒక విన్నపం. మనలో ఇంజనీర్లున్నారు, వకీళ్లున్నారు, బ్యాంకుల్లో చేసి రిటైరైనవాళ్లున్నారు. నెలకో ఆదివారం మన బడి వరండాలోనే నాలుగు కుర్చీలు వేసుకుని కూర్చుందాం. పాత ఇల్లున్నవాళ్లు కాగితాలు పట్టుకుని వస్తారు. గోడ నిలుస్తుందా లేదా ఒకరు చూస్తారు, వాటాల సంగతి ఇంకొకరు చెప్తారు. పైసా తీసుకోవద్దు. మొదటి ఆదివారం నేను వస్తాను. దూరదేశాల్లో ఉన్న మిత్రులారా, మీరు రానక్కర్లేదు. మీ వాటా గురించి అన్నదమ్ములు ఫోన్ చేస్తే మాత్రం ఎత్తండి.

మొన్న రాత్రి మా గల్లీలో నడుస్తుంటే మా మేడ మీద దీపం కనబడింది. పక్క మేడలన్నీ చీకటే. అక్కకు ఫోన్ చేసి చెప్పాను. "ఒక్కటేనా?" అన్నది.