తప్పొప్పుకొనుటలో మాటల తూకము

(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



భాషను గూర్చి యేదైన నొక విషయము మాటాడుడని కార్యకర్తలు నన్ను కోరిరి. భాష యనగానే కావ్యములు, వ్యాకరణము, ఛందస్సు స్ఫురించును. నేను వానికంటె చిన్న విషయము నెన్నుకొంటిని. మనుష్యుడు తప్పు చేసినప్పుడు, అది తనదేయని యే మాటలతో చెప్పును? విశేషించి, నేడు మన పిల్లలు చదువులోను ఉద్యోగములోను వాడవలసివచ్చుచున్న వ్యావహారికాంగ్లమున ఆ మాట యెట్లుండును? మన తెనుగుమాటకును దానికిని భేదమేమి? ఇది చిన్న విషయమువలె కన్పట్టును. కాని దీనిని తెలియనివాడు నిజాయితీపరుడయ్యును కపటివలె తోచును. అందుచేత దీనిని కొంచెము విచారింపవలసియున్నది.

హోసూరు, బాగలూరు, బేరికె, డెంకణికోట, కృష్ణగిరి ప్రాంతములలో పుట్టినవారికి భాషలకు కొదువ లేదు. ఇంట తెనుగు, బజారులో తమిళము, ఎల్ల దాటినచో కన్నడము, కొన్ని వీథులలో ఉర్దూ వినవచ్చును. వీనిలో మూడు భాషలకు ‘తప్పు’ అను మాట ఉమ్మడి సొత్తు. తెనుగువాడు “తప్పు చేశాను” అనును. తమిళుడు “తప్పు పణ్ణిట్టేన్” అనును. కన్నడిగుడు “తప్పు మాడిదె” అనును. క్రియలు వేఱైనను నేరమును తెలుపు మాట యొక్కటే.

ఈ మాట పుట్టుక కూడ గమనింపదగినది. దారి తప్పుట, గురి తప్పుట, మాట తప్పుట అని మనము వాడుచున్నాము. అనగా చేరవలసిన చోటికి చేరకపోవుటయే తప్పు. గ్రీకు భాషలో పాపమునకు వాడు ‘హమార్తియా’ యను మాటకును గురి తప్పుటయే మూలార్థము. దూరదేశములవారు కూడ ఒకే తీరున తలపోసిరన్నమాట. ఇక తప్పునకు ఎదురుమాట ‘ఒప్పు’. తప్పును అంగీకరించుటను మనవారు ‘ఒప్పుకొనుట’ యనిరి. తప్పు చేసినవాడు దానిని ఒప్పుకొన్నంతనే ఒప్పువైపునకు ఒక యడుగు వేసినట్లే. వెనుకటి గ్రామపంచాయతీలలో అపరాధరుసుము చెల్లించుటను ‘తప్పు కట్టుట’ యనెడివారు. తప్పు అను మాటలోనే దాని పరిహారము కూడ ఇమిడియున్నది. ‘మన్నించుట’ అనగా క్షమించుట, గౌరవించుట కూడ. మన్నింపుమని వేడువాడు పోయిన గౌరవమును తిరిగి యిమ్మని వేడుచున్నాడు.

ఇప్పు డాంగ్లమునకు వత్తము. గ్రంథస్థమైన ఆంగ్లమున క్షమాపణకు ‘అపాలజీ’ యందురు. చిత్రమేమనగా, గ్రీకు మూలమున ‘అపొలొగియా’ యనగా న్యాయస్థానమున తన్ను తాను సమర్థించుకొను వాదము. క్రీస్తుపూర్వము 399లో సోక్రటీసు విచారణలో చెప్పినదిగా ప్లేటో వ్రాసిన ప్రసంగమునకు ఆ పేరే కలదు. అందు సోక్రటీసు క్షమాపణ చెప్పలేదు. తన నడతను సమర్థించుకొనెను. సమర్థనము క్షమాపణమైనది కాలక్రమమున.

జనుల నోట మెలగు ఆంగ్లమో, ఇంతకంటె సూటియైనది. ‘సారీ’ యను మాట ప్రాచీనాంగ్లమున నొప్పి యను అర్థముగల మాటనుండి పుట్టినది. ‘నాకు నొప్పిగా నున్నది’ అనుటయే దాని మూలార్థము. కావుననే ఒకరి యింట మరణము సంభవించినప్పుడు కూడ ఆంగ్లేయుడు “సారీ” యనును. అది పరామర్శయే కాని తప్పొప్పుకోలు కాదు. కనుక ‘సారీ’ విచారమును తెలుపును, తప్పెవరిదో చెప్పదు. తప్పెవరిదో చెప్పుటకు వేఱు పలుకుబళ్లు కలవు.

‘ఓన్ అప్’ అనగా ఒప్పుకొనుట. ‘ఓన్’ అనగా సొంతము చేసికొనుట. తప్పును తన సొత్తుగా చెప్పుకొనుట యని భావము. ‘ఫెస్ అప్’ అనునది ‘కన్ఫెస్’ అను పెద్దమాటకు తల కొట్టివేయగా మిగిలిన తోక. ‘కమ్ క్లీన్’ అనగా దాచినదంతయు బయటపెట్టి శుభ్రముగా నిలుచుట. “ఐ మెస్డ్ అప్” అనగా నేను పాడుచేసితిని అని. ఈ ‘మెస్’ మన విద్యార్థులు భోజనము చేయు మెస్సే. మొదట వడ్డించిన భోజనమునకు ఆ పేరు. పిదప కలగాపులగమైన తిండికి. ఆ పిదప సమస్తమైన గందరగోళమునకును ఆ పేరు వచ్చినది. “దట్స్ ఆన్ మీ” యనగా ఆ భారము నామీదిదే యని. ఉపాహారశాలలో స్నేహితుల బిల్లు తానే చెల్లించెదనన్నప్పుడును ఆంగ్లమున ఈ మాటనే యందురు. తప్పును బిల్లువలె తన లెక్కలో వ్రాసికొనుట చమత్కారము.

వీనిలోనికెల్ల క్రొత్తది “మై బ్యాడ్”. ‘బ్యాడ్’ విశేషణము, దానిని నామవాచకముగా చేసి ‘నా చెడు’ అన్నట్లు వాడిరి. ఇది అమెరికాలో వీథులయందు బాస్కెట్‌బాల్ ఆడు యువకుల మాట. బంతిని తప్పుగా విసరినవాడు తోడి ఆటగాండ్రతో ఈ మాట యని, ఆట ఆపకుండ పరుగెత్తును. 1986లో ఆ యాటను గూర్చి వెలువడిన యొక పుస్తకమున ఈ మాటకు వివరణము కలదు. 1995లో వచ్చిన ‘క్లూలెస్’ అను చలనచిత్రము దానిని మైదానము వెలుపలికి కూడ వ్యాపింపజేసినది. దీని గుణమును దాని పుట్టుకయే చెప్పుచున్నది. ఆటలో చేజాఱిన బంతికి అది చాలును. “నాదే పొరపాటు, ఆట సాగనిండు” అనుట దాని తాత్పర్యము. కాని ఒకని సొమ్ము పోగొట్టి, లేదా పెద్దల మనస్సు నొప్పించి “మై బ్యాడ్” అన్నచో అది గాయముపై మఱొక గాయము. తులము తూచు త్రాసులో బస్తాను తూచుట యెట్లు?

ఇంతవఱకు చెప్పినవానిలో అధికభాగమునకు ఒక సామాన్యలక్షణము కలదు. ‘నేను’ గాని, ‘నా’ గాని ఎక్కడనో దాగియున్నది. తప్పునకు యజమాని యున్నాడు. ఆంగ్లమున దీనికి విరుద్ధమైన పలుకుబడి యొకటి కలదు: “మిస్టేక్స్ వర్ మేడ్”, అనగా తప్పులు చేయబడినవి. చేసినదెవరు? వాక్యమున కర్త లేడు. 1987 జనవరిలో అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరాను వ్యవహారమును గూర్చి మాటాడుచు ఇట్టి కర్మణివాక్యమునే వాడెను. అది తప్పించుకొనుటకు మార్గమని పలువురు విమర్శించిరి. అదే సంవత్సరము మార్చిలో ఆయన మరల మాటాడి, తన చర్యలకును తన ప్రభుత్వము చర్యలకును పూర్తి బాధ్యత తనదేయని చెప్పవలసివచ్చెను. రెండు నెలలలో వాక్యమునకు కర్త దొరకినాడు!

ఇచ్చటనే మన పిల్లలు జాగ్రత్తపడవలసిన తావున్నది. తెనుగున మనము “తప్పయింది”, “పొరపాటు జరిగింది” యందుము. కన్నడమున “తప్పాయ్తు” అందురు. ఈ వాక్యములలోను చేసినవాడు కనబడడు. ఐనను చేతులు జోడించి, తల వంచి “తప్పయిందండీ” యన్నవానిని మనలో నెవ్వడును తప్పించుకొనుచున్నాడని యనుకొనడు. మన భాషలో కర్తను నోరు చెప్పకున్నను వంచిన తల చెప్పును. పైగా పెద్దలయెదుట ‘నేను, నేను’ అనకుండుటయే మన మర్యాద.

ఇట్టి మర్యాదలో పెరిగిన మన హోసూరు యువకుడొకడు సిప్కాటు పారిశ్రామికవాడలో నొక యంత్రశాలయందు చేరినాడనుకొందము. కొలత తప్పి పది సామానులు చెడినవి. అతడు వినయముతో, మనస్సులోని “తప్పయింది” అను మాటను ముక్కకు ముక్కగా ఆంగ్లములోనికి మార్చి, “మిస్టేక్ హ్యాజ్ హ్యాపెన్డ్ సార్” అని నివేదించెను. వినువాడు వేఱు దేశమునుండి వచ్చిన తనిఖీదారు. అతని చెవికి అది యెట్లు వినబడును? ‘తప్పు దానంతటదే జరిగినదట!’ అని. నిజాయితీతో చెప్పినవాడు తప్పించుకొనువానివలె కనబడును. అదే యువకుడు “ఐ మేడ్ ఎ మిస్టేక్ సార్. ఐ విల్ చెక్ ది రెస్ట్” అన్నచో నమ్మకము చెడదు. ఇది వ్యాకరణమును మించిన విషయము. ఒక మనుష్యుని మర్యాదకు, జీవనమునకు సంబంధించినది.

ఇదే న్యాయమున ఎదురుదిశను కూడ చూడవలెను. ఆంగ్లమునుండి తెనుగులోనికి వచ్చిన ‘సారీ’ మన నాలుకపై మిక్కిలి తేలికయైపోయినది. కాలు తగిలిన “సారీ”, పుస్తకము చించిన “సారీ”, అవ్వను కసరిన “సారీ”. అన్నిటికి ఒకటే తూకము. “సారీ చెప్పాను కదా!” అని గద్దించువారును కలరు. “ఎవరికైన బాధ కలిగియుంటే సారీ” యనుట యింకొక తీరు. బాధ కలిగినదో లేదో నిర్ణయించు భారమును బాధపడినవానిపైననే వేయుట. “సారీ, కాని...” అనువాడు ‘కాని’ తరువాత చెప్పునది ఆడలేక మద్దెల ఓడన్న చందము. అవ్వయెదుట “తప్పయింది అవ్వా, ఇక అట్లా అనను” అనునదియే తగిన మాట. ఆ మాట మనకుండగా అరువు తెచ్చుకొననేల?

పెద్ద తప్పునకు పెద్ద మాటయే తగునని చూపిన వృత్తాంతమొకటి చెప్పెదను. మన హోసూరు చేరువనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ, చెన్నపట్టణమున నివసించుకాలమున 1919 మార్చిలో గాంధీమహాత్ములకు ఆతిథ్యమిచ్చిరి. రౌలట్ చట్టమునకు ప్రతిగా దేశమంతట హర్తాళము జరుపవలెనను తలంపు గాంధీజీకి అక్కడనే కలిగినది. తరువాత కొన్నిచోట్ల దౌర్జన్యములు చెలరేగెను. జనులను తగినంత సిద్ధపఱుపకయే సత్యాగ్రహమునకు పిలిచితినని, అది హిమాలయమంతటి పొరపాటని గాంధీజీ బాహాటముగా చెప్పిరి. ఊరక చెప్పుటయే కాదు, ఆ యేప్రిలులోనే సత్యాగ్రహమును నిలిపివేసిరి. ఎగతాళి చేసినవారు లేకపోలేదు. కాని ఆ మాటవలన ఆయనపై జనులకుగల నమ్మకము తఱుగలేదు. తప్పునకు కర్తను చెప్పుట, తప్పునకు తగిన తూకము చెప్పుట, పిదప దిద్దుట అను మూడును అందు కలవు.

విద్యార్థులారా! ఏ భాషలోనైనను ఈ మూడింటిని గుర్తుంచుకొనుడు. ఆటలో స్నేహితునితో “మై బ్యాడ్” అనుడు, తప్పులేదు. ఉపాధ్యాయునితో, అధికారితో, అపరిచితునితో “ఐ మేడ్ ఎ మిస్టేక్” అనుడు. ఇంట పెద్దలతో మన తెనుగుమాటతో చెప్పుడు. తమిళ మిత్రునితో అతని మాటతో చెప్పినచో మఱింత మేలు. ‘తప్పు’ అను మాట యెట్లును ఇరువురిదే.

పెద్దలకును ఒక మనవి. పిల్లవాడు నిజము చెప్పినప్పుడు తిట్టును, దాచినప్పుడు తప్పించుకొనుటయు లభించినచో, వాడు రెండవదానినే నేర్చును. తప్పొప్పుకొన్న బిడ్డకు దిద్దుకొను దారి చూపుడు. అట్టి యింటిలో, అట్టి బడిలో ఈ మాటలు ప్రాణముతో నిలుచును. లేనిచో ఎన్ని భాషలు నేర్పినను అవి నిఘంటువులయందే యుండిపోవును.

 నమస్కారములు.