తొలి తుపాకి కొనదలచిన రైతులకు కొన్ని హితవాక్యములు
(రైతుల సభలో చేసిన ఉపన్యాసము)



నేను వ్యవసాయశాస్త్రము చదివినవాడను కాను, వేటగాడను అంతకన్నను కాను. మీ అర్జీలను తెలుగునుండి ఇంగ్లీషునకును, వానిపై వచ్చు ఉత్తరువులను ఇంగ్లీషునుండి తెలుగునకును మార్చి వ్రాయుట నా ఉద్యోగము. అట్టివాడు తుపాకులనుగూర్చి మాటలాడుటేమని మీకు తోచవచ్చును. పంటల రక్షణకై తుపాకి లైసెన్సు కోరు అర్జీలనేకములు నా బల్లమీదుగా పోవును. వానిలో ఏ మాట పొరపాటుగా పడి రైతును చిక్కులపాలు చేయునో నాకు తెలియును. కావున ఈ కొద్ది మాటలు మనవి చేయ సాహసించుచున్నాను.

కొంతకాలము క్రిందట వినుకొండ వైపునుండి ఒక రైతు వచ్చెను. ఆయనకు ప్రత్తి, మిరప, వానిచుట్టు కంది, కొంత వేరుసెనగయు కలవు. “జింకలు పైరును పాడుచేయుచున్నవి, వానిని కొట్టుటకు దుర్బిణి బిగించిన రైఫిలు ఒకటి దయచేయించవలెను” అని ఆయన అర్జీ. అమెరికాలోనున్న మేనల్లుడు అట్టిదానిని చేతబట్టి తీయించుకొన్న ఛాయాపటమును పంపెనట. నేనాయనను, “జింకలను మీరు కన్నులార చూచితిరా?” అని అడిగితిని. “లేదండి పంతులుగారూ, తెల్లవారి చూచుసరికి చేను దున్నినట్లున్నది. ఊళ్లో అందరును జింకలే అనుచున్నారు” అనెను.

సోదరులారా! ఈ ఒక్క జవాబులో రెండు తప్పులున్నవి. మొదటిది జంతువు పేరు, రెండవది తుపాకి పేరు. ముందుగా మొదటిదానిని చెప్పెదను.

మనము జింక యను ఒక్క మాటతో పెక్కు జంతువులను పిలుచుచున్నాము. ఇఱ్ఱి, లేడి యనునవి కృష్ణజింకలో పోతును పెంటియును. ఒడలిపై తెల్లని చుక్కలు గలది దుప్పి. పెద్ద దేహము గలది కణితి. దుప్పికిని కణితికిని కొమ్ములు రాలి మరల మొలచును. ఇఱ్ఱి కొమ్ములు రాలవు. ఇంగ్లీషువారు మొదటి తెగను డీర్ అనియు, రెండవదానిని యాంటిలోప్ అనియు వేర్వేరుగా వ్యవహరించెదరు. అర్జీలో మనము వ్రాయు పేరునుబట్టియే చట్టము వర్తించును గనుక ఈ భేదము పండితులకు మాత్రమే కావలసినది కాదు.

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు 1991లో జరిగిన సవరణతో, లైసెన్సు పొంది వినోదమునకై వేటాడు పద్ధతి దేశమున అంతరించినది. కావున మన దేశములో జింకల వేటకు ఋతువనునదే లేదు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు; చట్టములోని మొదటి షెడ్యూలున చేరినది. ఆ షెడ్యూలులోని జంతువు మనుష్య ప్రాణమునకు ముప్పు తెచ్చినపుడో, కోలుకొనలేని వ్యాధికి గాని అవిటితనమునకు గాని లోనైనపుడో తప్ప దానిని చంప అనుమతి లేదు. పైరు మేసినదను కారణము చాలదు. చంపినవానికి మూడేండ్లకు తక్కువ కాకుండ ఏడేండ్లవరకు ఖైదును, 25,000 రూపాయలకు తగ్గని జుల్మానాయును విధింపవచ్చును. అతని తుపాకి లైసెన్సును న్యాయస్థానము రద్దుపరచవచ్చును; పిదప అయిదేండ్లు మరియొకటి పొందజాలడు.

అడవిపంది సంగతి వేరు. 2022లో చేసిన సవరణ ప్రకారము అది రెండవ షెడ్యూలున ఉన్నది. నిలిచియున్న పైరునకు ప్రమాదకరముగా తయారైనదని తృప్తిపడినపుడు రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గాని, ఆయనచే అధికారము పొందిన ఉద్యోగి గాని కారణములు వ్రాసి లిఖితపూర్వకముగా అనుమతి నీయవచ్చును. ఆ కాగితము చేతికి రానిదే తుపాకి పేల్చరాదు. చచ్చిన జంతువు ప్రభుత్వపు ఆస్తియే గాని మన వంటయింటిది కాదు.

నేనా రైతుతో, “రేపు తెల్లవారగనే చేలో అడుగులు చూచి రండు” అని చెప్పితిని. మీరును జ్ఞాపకముంచుకొనుడు. కృష్ణజింక అడుగు చిన్నది, ముందు సన్నగా కొనదేరియుండును. అది పగటివేళ, బయలు నేలలో, మందగా మేయును. లేత చిగుళ్లను కొరికి పోవును. పంది అడుగు వెడల్పు. ముందు గిట్టల వెనుక ప్రక్కలకు రెండు చిన్న గుర్తులు పడును. అది రాత్రివేళ వచ్చి ముట్టెతో నేలను పెల్లగించును; కంచెతీగకు బిరుసు వెండ్రుకలను విడిచిపోవును. రాత్రి చేను దున్నినట్లు చేసినది జింక కాదు. ఆయన మరునాడు వచ్చి, “పందులేనండి” అనెను. అర్జీ తిరుగ వ్రాసితిమి. మొదటి అర్జీయే పైకి పోయినయెడల, కొట్టరాని జంతువును కొట్టుటకు అనుమతి కోరినవాడని ఆయన పేర కాగితము నిలిచియుండెడిది.

ఇక తుపాకి మాట. 1959వ సంవత్సరపు ఆయుధముల చట్టము, 13వ సెక్షనులో, పంటల రక్షణకు మూతినుండి మందు కూరు తుపాకిని ముందుగా పేర్కొన్నది. అది చాలదని అధికారికి నమ్మకము కలిగినయెడల 20 అంగుళములకు తగ్గని నున్ననిగొట్టపు తుపాకికి లైసెన్సు ఈయవచ్చునని చెప్పినది. మనము పన్నెండు బోరు అని పిలుచునది ఈ జాతిదే. ఒక పౌను సీసమును పన్నెండు సమానమైన గుండ్లుగా చేసిన ఒక్కొక్క గుండు పట్టు గొట్టము గనుక దానికా పేరు వచ్చినది.

రైఫిలు గొట్టములో మెలికలుగా గాళ్లుండును. వానివలన గుండు బొంగరమువలె తిరుగుచు సూటిగా, బహుదూరము పోవును. చిన్నదని తలచు .22 రైఫిలు గుండు సయితము మైలున్నర దూరము పోగలదు. పెద్ద రైఫిళ్ల గుండ్లు రెండు మైళ్లు దాటి పోగలవు. పన్నెండు బోరుతో నలుబది గజములలోపల కొట్టినదే పని చేయును. దాని సన్నగుండ్లు రెండు మూడు వందల గజములలో, మిక్కిలి పెద్దవి ఆరేడు వందల గజములలో నేలరాలును. గుండు దూరము పోకుండుటయే మన పొలములలో గుణము.

కారణము మన నేల. కొండవాలున కొట్టిన గుండును కొండ ఆపును. గుంటూరునుండి ఒంగోలువరకు పరచుకొన్న నల్లరేగడి మైదానమున గుండును ఆపు గట్టేది? ప్రత్తిచేను రొమ్ములోతు పెరిగియుండును. కంది అంతకన్న ఎత్తు. మిరపకోతలనాడు దూరపు ఊళ్లనుండి వచ్చిన కూలివారు బిడ్డలతో పొలములందే గుడిసెలు వేసికొని నిద్రించెదరు. కళ్లములో కాయ ఆరబోసిన రైతు అచ్చటనే పండుకొనును. పందికి తప్పిన గుండు ఎవరి మంచముకడకు చేరునో కొట్టినవానికి తెలియదు.

మేనల్లుడున్న దేశపు మాట చెప్పినారు గనుక అదియును వినుడు. అచ్చట ఒక్కొక్క రాష్ట్రము కాలము నిర్ణయించి, లైసెన్సు ఇచ్చి జింకల వేట జరిపించును. అనేక రాష్ట్రములలో కొత్త వేటగాడు శిక్షణ పొందవలెను. మనుష్యుడని తెలియుటకై మిరుమిట్లు గొలుపు నారింజవన్నె చొక్కా తొడుగవలెను. మనవలెనే చదునైన పంటభూములు గల ఇలినాయి వంటి రాష్ట్రములు జింకల వేటలో రైఫిలును బహుకాలము నిషేధించి, నున్ననిగొట్టపు తుపాకినే అనుమతించినవి; ఇటీవల కొన్ని రకముల రైఫిళ్లకు మాత్రమే సడలింపు ఇచ్చినవి. వేట సాగు దేశమువారే మైదానమున రైఫిలునకు జంకిరి.

దుర్బిణియు మనకు ప్రయోజనకారి కాదు. అది దూరపుదానిని దగ్గరగా చూపును గాని చీకటిని తొలగింపదు. పంది వచ్చునది చీకటిలోనే. పైగా తుపాకికి బిగించిన దుర్బిణితో “అదేమిటో” యని చూచుట యనగా, తుపాకి మూతిని ఆ వస్తువువైపు త్రిప్పుటయే. అది మనుష్యుడైనచో? చూచుటకు చేతిదుర్బిణియు, మంచి టార్చిలైటును వేరుగా ఉంచుకొనుడు. జంతువును పూర్తిగా గుర్తించి, దాని వెనుక ఏమున్నదో తెలిసికొని, అప్పుడే తుపాకి ఎత్తవలెను. లైసెన్సు ఎవరి పేర నున్నదో వారే తుపాకిని వాడవలెను, పొరుగువానికి ఎరువీయరాదు. ఇంటికి వచ్చినతోడనే తూటాలు తీసి, తుపాకిని, తూటాలను వేర్వేరు చోట్ల తాళమువేసి ఉంచవలెను. నాటుతుపాకి జోలికి పోవలదు. అది చట్టవిరుద్ధము, పట్టినవాని చేతిలోనే పగులునది.

అసలు తుపాకికి ముందు చేయదగిన పనులు పెక్కు కలవు. వేరుసెనగ చుట్టు ముండ్ల కుసుమను, మొక్కజొన్న చుట్టు ఆముదమును కొన్ని వరుసలు దట్టముగా వేయుడు. పైరునకు అడుగు దూరమున ముళ్లతీగ కట్టుడు. గంధకమును పందికొవ్వును కలిపి పూసిన కొబ్బరిత్రాళ్లను మూడు వరుసలుగా లాగుడు. శక్తిగలవారు సౌరవిద్యుత్తు కంచె వేయవచ్చును. దానిలో క్షణకాలపు తాకిడి మాత్రమే ఉండును. స్తంభమునుండి కరెంటును తీగకు నేరుగా కలుపుట మాత్రము ఎన్నడును చేయరాదు. అది నేరము, దానివలన పందులతోపాటు పశువులును, పొరుగువారును, తీగ పెట్టిన రైతులును మరణించుచున్నారు. నష్టము జరిగిన వెంటనే అటవీశాఖవారికి వ్రాతమూలకముగా తెలిపి, దస్తకము పొంది దాచుకొనుడు.

ఆ వినుకొండ రైతునకు కొంతకాలమునకు పన్నెండు బోరు లైసెన్సును, పందులను కొట్టుటకు అనుమతి కాగితమును వచ్చెను. తరువాత ఒకసారి కచ్చేరికి వచ్చినపుడు ఆయన ఇట్లు చెప్పెను: “ఒకనాటి రాత్రి మంచెమీద కూర్చుండగా కందిలో గలగలమని చప్పుడైనదండి. తుపాకి ఎత్తితిని. మీ మాట జ్ఞాపకము వచ్చి ముందు లైటు వేసితిని. మోటారు చూచుటకు పోవుచున్న మా ప్రక్క చేను కుఱ్ఱవాడు. పేరు పెట్టి పిలిచితిని; నోట మాట రాలేదండి, వానికిని నాకును.”

సోదరులారా, పోయిన పంట మరుసటి యేట వచ్చును. ఆ కుఱ్ఱవాడు వచ్చునా? తుపాకి కొనుటకు ముందు చేలోని అడుగులు చూడుడు, కంచె చూడుడు, చట్టము చూడుడు. కొన్న పిదప లైటు వేసి చూడుడు.