రేడాన్ వాయువు – గృహపరీక్ష
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన కుటుంబములలోని బిడ్డలు పెక్కుమంది న్యూజెర్సీ, పెన్సిల్వేనియా రాష్ట్రములలో, నగరోపాంతములయందు ఇండ్లు కొని స్థిరపడియున్నారు. ఇల్లు కొనునపుడు వారు మమ్మడుగునది ముహూర్తము, సింహద్వారము, ఈశాన్యపు మూల. ఇవి యడుగవలదని మేమనము. కాని ఆ యింటి నేల క్రిందినుండి లోనికేమి వచ్చుచున్నదని యడిగినవారు అరుదు. నేడు దానిని గూర్చియే మనవి చేయుదుము.

శిలలలోను మంటిలోను యురేనియము స్వల్పముగా వ్యాపించియున్నది. అది క్రమముగా క్షయించుచు రేడియమగును. రేడియమునుండి రేడాన్ అను వాయువు పుట్టును. పృథివికి గంధము లక్షణమని తార్కికులు చెప్పుదురు గదా! ఈ వాయువు పృథివినుండియే పుట్టియు గంధము లేనిది. రంగును రుచియు లేనిది. ముక్కునకు తెలియలేదు గనుక లేదనుట ఇచట చెల్లదు. బయటి గాలిలో ఇది పలుచనైపోవును. చలిదేశపు టింటిలో తలుపులు బిగించి వెచ్చజేసినపుడు, వెచ్చని గాలి పైకి పోవుచు క్రింది వాయువును నేలబీటలగుండ లోనికి లాగును. దీనినుండి పుట్టు పొలోనియము మున్నగునవి ఊపిరితిత్తులకంటుకొని హాని చేయును. అమెరికాలో ఏటేట సుమారు 21,000 క్యాన్సరు మరణములకు ఇది హేతువని అచటి పర్యావరణ పరిరక్షణ సంస్థ 2003లో లెక్కగట్టినది. పొగత్రాగువారికి అపాయము మఱింత హెచ్చు.

1984 డిసెంబరులో పెన్సిల్వేనియాయందు లిమరిక్ అణువిద్యుత్కేంద్రమున పనిచేయు స్టాన్లీ వాట్రస్ అను ఇంజనీరు రాగా, ద్వారముకడనున్న పరీక్షాయంత్రములు మ్రోగెను. ఆ కేంద్రము అప్పటికింకను విద్యుత్తు నుత్పత్తి చేయనేలేదు! వెదకగా దోషము ఆయన యింటనే కనబడెను. లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీలు. 4కు చేరినచో ఇల్లు బాగుచేయించుకొనవలెనని నేడచటి ప్రభుత్వము చెప్పుచున్నది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2009లో సూచించిన మేర ఇంకను తక్కువ, దాదాపు 2.7. ఆ ప్రాంతమున రీడింగ్ ప్రాంగ్ అను శిలాపంక్తి కలదు. అది న్యూజెర్సీ, న్యూయార్కులలోనికిని సాగుచున్నది. అయినను ఒకే వీధిలో ఒక యింట హెచ్చుగను, ప్రక్కయింట స్వల్పముగను ఉండవచ్చును. "పొరుగువారు పరీక్షించిరి, మాకేల?" యనుట పొరుగువారు మందు త్రాగిరి గనుక మాకు జ్వరము తగ్గునన్నట్లుండును.

పరీక్ష కష్టమైనది కాదు. బొగ్గుతో చేసిన చిన్న డబ్బీ అంగళ్లలో దొరకును. దాని వెల గృహప్రవేశమునాటి పూలదండల వెలకన్న నెక్కువ కాదు. మనుష్యులు మసలు అంతస్తులలో అన్నిటికన్న క్రిందిదానియందు, వంటయింటను స్నానపుగదిలోను గాక, నేలకు రెండడుగుల యెత్తున దానినుంచవలెను. పండ్రెండు గంటల ముందునుండియు, పరీక్ష జరుగు దినములన్నియు కిటికీలు మూసియుంచవలెను. మన యిండ్లలో పోపు ఘాటునకు కిటికీ తెరచుట యలవాటు. ఆ నాలుగు దినములు తాలింపులేని వంట చేసికొనిన మేలు. గడువు కాగానే డబ్బీ బిగించి ప్రయోగశాలకు పంపవలెను. హెచ్చుగా వచ్చినచో మఱల పరీక్షింపవలెను. అప్పుడును హెచ్చైనచో భయపడి ఇల్లమ్ముకొననక్కఱలేదు. నేల క్రిందికి గొట్టము దింపి, విద్యుత్పంకాతో ఆ వాయువును పైకప్పు మీదికి తోడివేయుదురు. పిదప మరల కొలిచి చూతురు.

ఇక మనలో పెద్దలు ఆరేసి మాసములు బిడ్డలకడ నుండుటకు పోవుచున్నారు. మెట్లెక్కి దిగు శ్రమ లేకుండునని గాని, చోటు చాలక గాని, వారికి బేస్‌మెంటు అను నేలమాళిగలోనే పడక యేర్పరతురు. రేడాన్ సాధారణముగా హెచ్చుగా నిలుచునదచటనే. పసిబిడ్డల యాటగదియు తఱచుగా నదియే. ఈ యేడు ప్రయాణమగువారు విమానపు టిక్కెట్టు కొనుటకు ముందే, ఆ గదిలో పరీక్ష జరిగినదా, సంఖ్య యెంత వచ్చినదని బిడ్డల నడిగి తెలిసికొందురు గాక.