తాత ఫొటోను చదువుదాం



మా పిల్లలకు పెనుకొండ కోటనేలిన రాజుల పేర్లు వచ్చు. ట్రంకుపెట్టె అడుగున యూనిఫాంలో నిలబడ్డ తాత ఏ పటాలంలో పనిచేశాడంటే మాత్రం చెప్పలేరు. రెండో ప్రపంచ యుద్ధంలో మన దేశం నుంచి సుమారు 25 లక్షల మంది సైన్యంలో పనిచేశారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు రైలు దారిలోని ఊళ్లు. మద్రాస్ శాపర్ల కేంద్రం ఆ బెంగళూరులోనే ఉంది.

కనుక ఇళ్లలో ఉన్న ఫొటోలను చదవడం నేర్చుకుందాం. మేము పిల్లలకు చెప్పే వరుస ఇది.

మొదట టోపీ బిళ్ల. దానిపై కిరీటం ఉంటే బ్రిటిష్ కాలం. అశోకుడి సింహాలుంటే గణతంత్రం వచ్చాక, అంటే 1950 తర్వాతది. ఏనుగు కనిపిస్తే మద్రాస్ రెజిమెంట్ గుర్తుకు వస్తుంది. 1803 అస్సాయే యుద్ధానికి గుర్తు ఆ ఏనుగు. అయినా ఒక్క గుర్తుతో తేల్చేయకూడదు. భుజం మీది ఇత్తడి అక్షరాలు కూడా చూడాలి, పటాలం పేరు పొట్టిగా అక్కడుంటుంది. అక్షరాలు తిరగబడి కనిపిస్తే ఫొటోనే తిరగేసి ముద్రించారన్నమాట.

తర్వాత చేతి పట్టీలు. ఒకటుంటే లాన్స్ నాయక్, రెండుంటే నాయక్, మూడుంటే హవల్దార్. మెడల్ ఉంటే అంచు చూడండి. మొదటి యుద్ధపు మెడళ్ల అంచున నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. అన్నిటికన్నా గట్టి ఆధారం ఆ నంబరే. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉంటే ఊరు తెలుస్తుంది.

అక్కలారా, ఒక్క మాట. బిళ్లను చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. అట్టకు అంటుకున్న ఫొటోను పీకకండి. ముందూ వెనకా సెల్‌ఫోనుతో ఫొటో తీసుకుంటే చాలు. వివరాలు దొరికాక జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగవచ్చు. యుద్ధంలో చనిపోయిన వారి పేర్లను కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో వెతకవచ్చు. కోహిమా, ఇంఫాల్ శ్మశానాలలోని పేర్లు కూడా అందులో ఉంటాయి.

ఇంత శ్రమ ఎందుకంటారా? నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. ఎరుకల వంటి మన తెగల వారి పేర్లు, వేలిముద్రలు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. ఆ కాలంలో మన మనుషుల గురించి ఇతరులు రాసిన కాగితాలే ఎక్కువ మిగిలాయి. యూనిఫాంలో తలెత్తుకుని దిగిన ఫొటో వేరే సాక్ష్యం చెబుతుంది. దాని వెనక పెన్సిలుతో పేరు, ఊరు, తండా రాసి పెట్టండి. చెప్పగల ముసలివాళ్లు ఉండగానే ఆ పని చేద్దాం.